మరమ్మతు ధర్మము, పొడిగింపు వారంటీలు: ఒక సమీక్ష

గృహోపకరణములు మన ఇండ్లలోనికి మొదట సౌఖ్యచిహ్నములుగా ప్రవేశించి, అచిరకాలముననే నిత్యావసరములుగా స్థిరపడినవి. రెంటచింతలలోను, రామగుండములోను వైశాఖపు ఎండ గోడలను సైతము కాల్చుచుండగా ఫ్రిజ్ ఆగిపోయిన ఇంటిలో చెడునవి పాలు, కూరలు మాత్రమే కావు; 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నిలువ యుంచవలసిన ఇన్సులిను కూడ నిరుపయోగమగును. వాషింగ్ మెషీను మూలబడిన నాడు ఆ చాకిరి యంతయు చాలవఱకు ఇల్లాలి చేతులపైననే పడును. ఇట్టి వస్తువు చెడినప్పుడు దానిని బాగుచేయించుకొనుటకై గృహస్థులు పడు యాతన యేదో యొక సంస్థ లోపమువలన గాని, ఎవరో యొక పనివాని అశ్రద్ధవలన గాని పుట్టినది కాదనియు, అమ్మకమునుండి మరమ్మతును వేఱుచేసిన వ్యాపారపద్ధతినుండి పుట్టినదనియు, వస్తువు యొక్క మన్నికనే రెండవ సరకుగా మార్చి మఱల అమ్ముట పొడిగింపు వారంటీల సారమనియు నా యభిప్రాయము. దీనికి అనుకూలముగాను, ప్రతికూలముగాను చెప్పదగిన విషయములను క్రమముగా పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మరమ్మతు విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లను నిర్మించినది. 1967లో హైదరాబాదుననే వెలసిన ఈసీఐఎల్ సంస్థ టెలివిజనులను తయారుచేసి మధ్యతరగతి ఇండ్లకు చేర్చినది. ఆ కాలపు యంత్రములలో ఏ భాగము ఏ పని చేయునో విప్పి చూచినవానికి కొంతవఱకైనను బోధపడుచుండెను. ఫ్యాను నెమ్మదించినచో కెపాసిటరు మార్చుట, మోటారు కాలినచో రాగితీగతో వైండింగు చుట్టించుట, మిక్సీకి అరిగిన కార్బన్ బ్రష్షులును కప్లరును వేయించుట, గ్రైండరుకు బెల్టు బిగించుట మున్నగునవి ప్రతి పట్టణమునందును చిన్న దుకాణములలో పూటలో ముగియు పనులు. కోఠిలోని గుజరాతీ గల్లీ, ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు, సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి తావులు విడిభాగములకును, సెల్‌ఫోనుల, కంప్యూటరుల బాగుచేతకును నేటికిని పేరెన్నిక గన్నవి. చూచి, చేసి, నేర్చుకొన్న విద్యతో వేలకొలది కుటుంబములు ఈ వృత్తిపై జీవించినవి, జీవించుచున్నవి.

పిమ్మట యంత్రముల స్వరూపమే మారినది. 2006లో మన దేశమున స్టార్ గుర్తుల పథకము ప్రారంభమైన తరువాత విద్యుత్తును పొదుపు చేయు యంత్రములకు గిరాకి పెరిగినది. ఇన్వర్టరు కంప్రెసర్లును, వాటిని నడిపించు సర్క్యూటు బోర్డులును సామాన్యములైనవి. ఈ మార్పు నిశ్చయముగా మేలైనదే. తక్కువ కరెంటుతో ఎక్కువ చల్లదనమిచ్చు యంత్రమును నిందించుట తగదు. ఐనను దీనితోపాటు ఒక చిక్కు వచ్చినది. పాత ఫ్రిజ్‌లో థర్మోస్టాటు చెడినచో ఆ థర్మోస్టాటును మాత్రమే మార్చెడివారు. నేడు బోర్డుపై చిన్న భాగమొకటి కాలినను, కంపెనీ సర్వీసువారు సాధారణముగా బోర్డునంతటిని మార్చెదరు. టీవీ తెర పగిలినను, గీతలు పడినను క్రొత్త ప్యానెలు ధర ఒక్కొక్కప్పుడు క్రొత్త టీవీ ధరను సమీపించును. ఏటేట మోడళ్లు మారుటవలన పాతవాటి బోర్డులు దొరకుట దుర్లభమగుచున్నది. మన దేశకాలపరిస్థితులు కూడ ఈ సున్నితపు యంత్రములకు అనుకూలములు కావు. పల్లెలలో వోల్టేజి హెచ్చుతగ్గులు, విశాఖపట్టణము వంటి తీరములలో లోహమును తినివేయు ఉప్పుగాలి, హైదరాబాదు శివారులలో గీజరు ఎలిమెంటుపై సున్నపు పొరలు కట్టు బోరునీరు, వెచ్చదనము కొఱకు బోర్డుపై చేరి షార్టు చేయు బల్లులు, వైర్లు కొఱుకు ఎలుకలు: ఇవన్నియు మన ఇండ్లలోని నిత్యవాస్తవములు. వారంటీ షరతులలో మినహాయింపులుగా వ్రాయబడునవి చాలవఱకు ఇవియే యగుట గమనింపదగిన విషయము. ఈ దేశమున అమ్మదలచినవాడు ఈ దేశపు గాలికిని, నీటికిని, కరెంటుకును తగినట్లు యంత్రమును నిర్మింపవలెనే గాని, వాటిని తన బాధ్యతనుండి తొలగించుకొనరాదు.

ఇక సర్వీసు వ్యవస్థను చూతము. ప్రసిద్ధ బ్రాండులలో పెక్కింటికి ఊరూర స్వంత సిబ్బంది లేరు. స్థానికముగా ఒక సర్వీసు సెంటరు ఒప్పందము చేసికొనును. దానిక్రింద టెక్నీషియన్లు పనిచేయుదురు. గృహస్థు కంప్లైంటు బుక్ చేయుట కేంద్రకార్యాలయపు ఫోనుకు. వచ్చువాడు సర్వీసు సెంటరు మనిషి. విడిభాగము రావలసినది మఱియొక ఊరి గిడ్డంగినుండి. డబ్బు చెల్లింపునకు అనుమతి నీయవలసినది వేఱొక విభాగము. ఈ నలుగురిలో ఎవరును మొత్తము పనికి బాధ్యులు కారు. పని ముగిసినట్లు ఓటీపీ చెప్పించుకొని కాల్ క్లోజు చేయుట యొక్కటియే అందఱికిని కొలమానమగుటవలన, పార్టు రాకమునుపే ఫిర్యాదు ముగిసినట్లు నమోదగుచుండుటయు, గృహస్థు మఱల మొదటినుండి మొదలుపెట్టవలసివచ్చుటయు తఱచుగా వినవచ్చుచున్నవి. అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న సంతానము గోదావరి జిల్లాల పల్లెలోని తల్లిదండ్రులకు ఆన్‌లైనులో వస్తువు కొని పంపిన సందర్భములలో, ఆ ఓటీపీ కొన్నవారి ఫోనుకు పోవును. మెషీను ముందర నిలిచియున్న ముసలితల్లికి అది తెలియదు. సరియైన కస్టమర్ కేర్ నంబరు కొఱకు ఇంటర్నెట్టులో వెదకి, మోసగాండ్ర నంబరునకు ఫోనుచేసి బ్యాంకు ఖాతాలోని సొమ్ము పోగొట్టుకొన్నవారును ఉన్నారు. ప్యాకేజి సరకులపై ఫిర్యాదులు స్వీకరించువారి పేరు, చిరునామా, ఫోను నంబరు ముద్రింపవలెనని 2011 నాటి తూనికలు-కొలతల నిబంధనలు ఆదేశించుచున్నవి. పెట్టె మీది ఆ చీటీని చింపి భద్రపఱచుకొనుట ప్రతి గృహస్థునకును మేలు.

ఇచ్చట టెక్నీషియన్లను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ప్రజల కోపమంతయు ముందు తలుపు తట్టినవానిపై పడుచున్నది. కాని ఆ వ్యవస్థలో అందఱికంటె అల్పాధికారము కలవాడు అతడే. పెక్కుచోట్ల అతని రాబడి కాల్‌కు ఇంత అని గాని, అమ్మిన సర్వీసు కాంట్రాక్టునకు ఇంత అని గాని నిర్ణయింపబడును. మండువేసవిలో ఒక్కొక్క దినమున అనేక ఇండ్లకు పరుగెత్తి, అపార్టుమెంటు బయటిగోడకు వ్రేలాడు ఔట్‌డోరు యూనిటు కొఱకు నడుమునకు త్రాడైనను లేక సజ్జపై నిలిచి పనిచేయు ఆ యువకునికి, తొందరలో పైపైన సరిపెట్టుటకంటె గత్యంతరము మిగులదు. అట్లు పెట్టినది కంపెనీ లెక్కల పద్ధతియే. నాణ్యతకు గాక సంఖ్యకు కూలి యిచ్చుచున్నంతకాలము నాణ్యత రాదు.

ఈ తొందరవలన కలుగు నష్టమునకు ఏసీలో గ్యాస్ ఎక్కించుట సరియైన దృష్టాంతము. ఏసీలోని శీతలవాయువు మూసిన గొట్టములలో తిరుగుచుండునే గాని, పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది తగ్గినదనగా ఎచ్చటనో లీకు కలదని అర్థము. సక్రమమైన మరమ్మతులో మొదట నైట్రోజను ఒత్తిడితో లీకును కనుగొనవలెను. దానిని అతికి, వ్యాక్యూమ్ పంపుతో గొట్టములలోని గాలిని, తేమను తొలగించి, కంపెనీ నిర్ణయించిన తూకము ప్రకారము గ్యాస్ నింపవలెను. ఈ పనికి సమయము, పనిముట్లు, ఓపిక కావలెను. లీకును వెదకకయే గ్యాస్ ఎక్కించిపోయినచో ఏసీ కొన్నాళ్లు చల్లబడి, మరుసటి వేసవికి మఱల నిలిచిపోవును. అప్పుడు మఱల డబ్బు చెల్లింపవలెను. పైగా, ఓజోను పొరకు హాని చేయునదగుటవలన మాంట్రియల్ ఒప్పందము ప్రకారము 2030 నాటికి వాడుకనుండి తొలగవలసియున్న ఆర్-22 వాయువు పాత ఏసీలలో నేటికిని కలదు. అది లీకగుట గృహస్థునకు మాత్రమే గాక లోకమునకును నష్టము. ఐనను లోపలి పని సరిగా జరిగినదో లేదో చూచి తెలిసికొను శక్తి కొనుగోలుదారునకు లేదు.

అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియని విపణిలో మంచి సరకు క్రమముగా వెనుకబడి నాసిరకము మిగులునని జార్జి ఏకర్లాఫ్ 1970లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున నిరూపించెను. ఈ రంగమున చేసిన కృషికి ఆయనకు 2001లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము, మఱి యిద్దఱితో కలిపి, లభించినది. ఈ రోగమునకు ఔషధముగా ఆయన పేర్కొన్నవాటిలో గ్యారంటీ యొకటి. తన వస్తువుపై నమ్మకము కలవాడు నష్టభారమును తానే వహించుటకు సిద్ధపడును. ఆ సిద్ధపాటే కొనువానికి నాణ్యతాసూచకమగును. వారంటీ యొక్క సహజధర్మము ఇది. పొడిగింపు వారంటీలను తూచుటకు ఇదియే త్రాసు.

సాధారణముగా మన మార్కెట్టులో వస్తువంతటిపై ఒక సంవత్సరపు వారంటీ యిత్తురు. కంప్రెసరు లేక మోటారుపై పది సంవత్సరములని పెద్ద అక్షరములతో ప్రకటింతురు. ఆ పదేండ్ల వాగ్దానము తఱచుగా ఆ భాగమునకే పరిమితము. గ్యాస్, కూలి, రవాణా, ఇతర భాగములు గృహస్థు ఖర్చే. తక్కిన భయమును తీర్చుటకు బిల్లు కౌంటరువద్ద పొడిగింపు వారంటీని అమ్ముదురు. గంటసేపు మోడళ్లను పోల్చి అలసిన కొనుగోలుదారుడు, ఎవరును విప్పి చదువని షరతుల పత్రమునకు, డెలివరీ తొందరలో సమ్మతించు క్షణమది. ఆ పత్రము వెనుక నిలుచునది ఒకప్పుడు తయారీదారుడు, ఒకప్పుడు దుకాణము, ఒకప్పుడు వాటితో సంబంధము లేని మూడవ సంస్థ. ఆ రక్షణ మొదటి సంవత్సరము గడచిన పిమ్మటనే మొదలగును. ప్లాస్టికు, రబ్బరు, గాజు, ఫిల్టర్లు, తుప్పు, వోల్టేజి, క్రిమికీటకములు మినహాయింపులలో చేరును. మరమ్మతు ఖర్చు హెచ్చైనచో బాగుచేయక, తరుగుదల పోను మిగిలిన విలువను మాత్రమే చెల్లింతుమను నియమము కొన్నింటిలో కలదు. మూడవ సంస్థ మూతబడినచో ఆ పత్రమునకు విలువ యుండదు.

న్యాయముగా ప్రతిపక్షవాదమును కూడ వినవలెను. పెద్ద ఖర్చు ఒక్కమాఱుగా మీదబడుటకంటె, చిన్న మొత్తమును ముందుగా చెల్లించి నిశ్చింతగా నుండుటను కోరువారు కలరు. వారి కోరిక అసమంజసము కాదు. వేలరూపాయల ప్యానెలు గల పెద్ద టీవీకి, నమ్మదగిన మెకానిక్కు దొరకని మారుమూల గ్రామములోని కుటుంబమునకు, తయారీదారుడే స్వయముగా ఇచ్చు పొడిగింపు కొంత ఉపకరించవచ్చును. తయారీదారుడు బాధ్యుడైనప్పుడు వస్తువు చెడకుండుటలో అతనికిని లాభము కలదు. ఏకర్లాఫ్ చెప్పిన ధర్మము అచ్చట కొంత నిలుచును. కాని తాను చేయని వస్తువుపై వారంటీ నమ్ము మూడవ సంస్థకు నాణ్యతపై అధికారము లేదు. తిరస్కరించిన ప్రతి క్లెయిము దానికి మిగులు. భరింపలేని నష్టమునకు బీమా కావలెను గాని, భరింపగల చిన్న నష్టమునకు కాదను పెద్దల లెక్క ప్రకారము, మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు పొడిగింపు వారంటీ కొనుట వ్యర్థవ్యయమే. బ్రిటనులో ఈ వ్యాపారమును విచారించిన కాంపిటీషన్ కమిషను, ఇందు పోటీ సక్రమముగా లేదని 2003లో తేల్చినది. తత్ఫలితముగా 2005లో వచ్చిన ఉత్తర్వు ప్రకారము వారంటీ ధరను వస్తువు ధర పక్కననే ప్రదర్శింపవలెను, కొన్నవారికి 45 దినములలోపల రద్దుచేసికొను హక్కు కలదు. బిల్లు కౌంటరు తొందర యొక్క బలమును గుర్తించి చేసిన ఈ ఏర్పాటు మనకును అనుసరణీయము.

మన చట్టము ఏమి చెప్పుచున్నది? 1930 నాటి సరకుల విక్రయ చట్టముననే, అమ్మిన వస్తువు దాని ప్రయోజనమునకు తగినదై యుండవలెనను అంతర్గత నియమము కలదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దానికి మాఱుగా వచ్చిన 2019 చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. సేవాలోపమును, అనుచిత వ్యాపారపద్ధతిని, ఏకపక్షమైన అన్యాయపు ఒప్పందమును ఈ చట్టము నిర్వచించినది. లోపమును సవరింపుమనియు, వస్తువును మార్చుమనియు, ధరను తిరిగి యిమ్మనియు, నష్టపరిహారమిమ్మనియు ఆజ్ఞాపించు అధికారమును వినియోగదారుల కమిషన్లకు ఇచ్చినది. గృహస్థు తాను నివసించు జిల్లాలోనే, కారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును; 5 లక్షల రూపాయలవఱకు చెల్లించిన వస్తువులకు ఫీజు లేదు; న్యాయవాది లేకున్నను వాదించుకొనవచ్చును. 1915 నంబరుగల జాతీయ సహాయకేంద్రమున ముందుగా ఫిర్యాదు నమోదుచేసినచో వ్యాజ్యము లేకయే పరిష్కారమగు సందర్భములు కలవు. ఐనను చట్టము కోరినది మూడు నెలలలో, పరీక్షలు అవసరమైనచో ఐదు నెలలలో తీర్పు; ఆచరణమున అంతకంటె కాలహరణము సామాన్యమైనది. అంతకాలము ఫ్రిజ్ లేక సంసారము జరుగదు. కావున పాత వస్తువును పాతసామాను కొనువానికి ఇచ్చివేసి, క్రొత్తది కొనుక్కొని, జనులు తమ హక్కును వదలుకొనుచున్నారు. హక్కు కలిగియు అక్కఱకు రాకపోవుట ఈ సమస్యలోని మర్మము. మన దేశమున కనీస వారంటీ కాలమును నిర్ణయించు సాధారణ నియమము లేకపోవుట దీనికి తోడైనది. ఐరోపా సమాఖ్యలో విక్రేత కనీసము రెండేండ్లు చట్టరీత్యా బాధ్యుడు.

నష్టము జరిగిన పిమ్మట పరిహారమడుగుటకంటె, మరమ్మతునే సులభసాధ్యము చేయవలెనను ఆలోచన ప్రపంచమున బలపడుచున్నది. తన భాగములే వాడవలెనని, తనవద్దనే బాగుచేయింపవలెనని వారంటీకి ముడిపెట్టుటను అమెరికా 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టముచే సాధారణముగా నిషేధించినది. ఫ్రాన్సు 2021 జనవరి నుండి కొన్ని వస్తువులపై పదింటికి ఇన్ని మార్కులని మరమ్మతు సూచికను ముద్రింపజేయుచున్నది. సాంకేతిక వివరములు, విప్పు సౌలభ్యము, విడిభాగముల లభ్యత, వాటి ధర అందు లెక్కకు వచ్చును. ఐరోపా సమాఖ్య 2021 నుండి వాషింగ్ మెషీన్ల ముఖ్యభాగములు పదేండ్లవఱకు, ఫ్రిజ్‌లవి ఏడేండ్లవఱకు లభింపవలెనని నియమించినది. మన దేశమునను కార్ల విడిభాగములను బయటి మెకానిక్కులకు అందనీయనందుకు పోటీ కమిషను 2014లో పదునాలుగు కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ వివాదము పై విచారణలకు పోయినను, విడిభాగముల గుత్తాధిపత్యము తప్పను సూత్రము అప్పుడు స్పష్టముగా పలుకబడినది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కుపై సంఘమును నియమించి, ఆ ఏటి డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. మరమ్మతు సూచికపై నియమింపబడిన మఱియొక సంఘము 2025లో నివేదిక సమర్పించినది. కాని దాని తొలిదృష్టి స్మార్ట్‌ఫోనులపైన, ట్యాబ్లెట్లపైన. వంటింటి యంత్రములు ఇంకను వేచియున్నవి.

తయారీదారుల ఆక్షేపణలను ఉపేక్షింపరాదు. నేటి ఏసీలలోని ఆర్-32, కొన్నింటిలోని ఆర్-290 వాయువులు మండు స్వభావము కలవి. మైక్రోవేవ్ ఓవెనులోని కెపాసిటరు ప్లగ్ తీసిన పిమ్మట కూడ ప్రాణాంతకమైన విద్యుత్తును నిలుపుకొనగలదు. నకిలీ భాగములవలన అగ్నిప్రమాదములు కలుగవచ్చును. ఇవి సత్యములు. కాని వీటినుండి తేలునది శిక్షణ యొక్క ఆవశ్యకత గాని, గుత్తాధిపత్యము యొక్క ఆవశ్యకత కాదు. మన ఐటీఐలలో రెఫ్రిజిరేషన్-ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియను కోర్సు రెండేండ్లది కలదు. ఆ విద్యార్థులకును, బజారులోని అనుభవజ్ఞులకును కంపెనీలు తమ సర్వీసు మాన్యువళ్లను, అసలైన భాగములను సరసమైన ధరకు అందించినచో నకిలీలకు చోటే యుండదు. అసలు దొరకనిచోటనే నకిలీ వర్ధిల్లును. వ్యర్థముల భారమును కూడ తలపవలెను: 2023 ఏప్రిల్ నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు తయారీదారులను రీసైక్లింగునకు బాధ్యులను చేసినవి, బాగుచేసి వాడిన ప్రతి ఏడును ఆ వ్యర్థమును, క్రొత్త యంత్రపు ముడిసరకును ఒక ఏడు వెనుకకు నెట్టును.

ఈ సమీక్షవలన నాకు తోచు కర్తవ్యములు ఇవి. పెద్ద గృహోపకరణములకు కనీస వారంటీ కాలమును చట్టము నిర్ణయింపవలెను. అది బిల్లు తేదీనుండి గాక బిగించిన తేదీనుండి లెక్కింపబడవలెను. వారంటీలో నున్న వస్తువు సర్వీసులో గడపిన దినములు ఆ కాలమునకు కలుపబడవలెను. పొడిగింపు వారంటీ అమ్మువాడు మినహాయింపులను తెలుగులో, ముందుపుటలో ముద్రించి, రద్దుకు గడువీయవలెను. టెక్నీషియనుకు కాల్‌ల సంఖ్యనుబట్టి గాక, మఱల రావలసిన అవసరము లేకుండ ముగిసిన పనినిబట్టి వేతనమీయవలెను. గృహస్థులు బిల్లును, వారంటీ కార్డును, కంప్లైంటు నంబరులను భద్రపఱచి, పని పూర్తికానిదే ఓటీపీ చెప్పరాదు. మార్చిన పాత భాగమును చూపుమని అడుగవలెను.

అన్నిటికంటె ముందు చేయదగినది మఱియొకటి కలదు. స్టార్ గుర్తుల చీటీ ఫ్రిజ్ తలుపుపై అంటింపబడినది మొదలు సామాన్యుడు సైతము కరెంటు ఖర్చును లెక్కించి కొనుట నేర్చుకొన్నాడు. ఆ లెక్కకు భయపడియే తయారీదారులు మెఱుగైన యంత్రములను నిర్మించిరి. వస్తువు ఎన్నేండ్లు బాగుచేయవీలగునో, విడిభాగములు ఎంతకాలము, ఎంత ధరకు దొరకునో తెలుపు మరమ్మతు సూచికను ఫ్రిజ్‌లకును, ఏసీలకును, వాషింగ్ మెషీన్లకును వర్తింపజేసి, ఆ స్టార్ గుర్తుల పక్కననే ముద్రింపజేసినచో, మన్నికకు మొదటి ధరలోనే విలువ కట్టబడును. దానిని రెండవమాఱు కొనవలసిన అవసరము గృహస్థునకు తప్పును.